ఐదేళ్ళ నాటి కేసుషీట్

“కేసుషీట్ ఇచ్చేదాకా ఈ కుర్చీలోంచి లేవను. ఏం చేసుకుంటావో చేసుకో!”

నర్సమ్మ కుర్చీని బల్లకు ఇంకాస్త దగ్గరగా లాక్కుంది. ఆసుపత్రి రికార్డుల గది గుమాస్తా తల పట్టుకున్నాడు. ఊరవతల గుడిసెల వాడకు ఆమె ఆరోగ్య కార్యకర్త. పదిహేనేళ్ళుగా వాడంతా నర్సమ్మ అనే పిలుస్తుంది. ఆమె వెనక, కూర్చోమన్నా కూర్చోకుండా, గోడకు ఆనుకుని నిలబడింది పిట్ట. మనిషి బక్కపల్చన కాబట్టి ఆ పేరు పెట్టారు. చిత్తుకాగితాలు ఏరుకుని బతుకుతుంది.

“రూల్సు ఒప్పుకోవు మేడమ్. పెద్ద డాక్టరు గారి ఉత్తరం ఉండాలి.”

“రూల్సా? చెప్పకుండా, అడక్కుండా దీని గర్భసంచి గొట్టాలు మూసేసినప్పుడు ఎక్కడ తగలడ్డాయి మీ రూల్సు?”

గుమాస్తా బెదురుగా తలుపు వైపు చూశాడు. బయట వరుసలో నిలబడ్డవాళ్ళంతా వింటున్నారు. వాళ్ళు వినాలనే నర్సమ్మ అరిచింది.

ఐదేళ్ళ కిందట పిట్ట తొలికాన్పు ఇక్కడే జరిగింది. పొట్ట కోసి బిడ్డను తీశారు, బిడ్డ దక్కలేదు. “వయసులో ఉన్నావు, మళ్ళీ పుడతారులే” అని పంపేశారు. అప్పట్నుంచి ఎన్నిసార్లు వచ్చినా చేతిలో బలం మాత్రలు పోసి తరిమేశారు. మొన్న పక్క ఊళ్ళో ఒక డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, ఆ కాన్పులోనే పిల్లలు పుట్టకుండా గొట్టాలు మూసేశారని బయటపెట్టింది. గొట్టాలకు క్లిప్పులు పెట్టి ఉంటే విప్పి చూడొచ్చట. కోసి తీసేసి ఉంటే ఆశ లేదట. ఏది చేశారో పాత కేసుషీట్‌లోనే ఉంటుందట. అవతల అత్త ఈ నెలాఖరుకల్లా కొడుక్కి మరో పెళ్ళి చేస్తానని కూర్చుంది. ఐదేళ్ళు గొడ్రాలని మాటలు పడింది ఎవరు? ఆ మాత్రలు రాసిచ్చినవాళ్ళు మాత్రం కాదు.

“వీళ్ళు ఆసుపత్రి మొహం చూసేవాళ్ళా అసలు?” అంది నర్సమ్మ. “ఇళ్ళల్లో కాన్పులయ్యి చచ్చిపోతున్నారని గుడిసె గుడిసెకీ తిరిగాను. కాళ్ళావేళ్ళా పడి తీసుకొచ్చాను. నా మాట నమ్మి వచ్చింది ఇది. మీరేమో అడిగే దిక్కు లేదు కదా అని కోసిపారేశారు!”

“నేను కోశానా తల్లీ? కాగితాలు సర్దుకునేవాణ్ణి.”

“కోసినవాడి పాపంలో కాగితం రాసినవాడికీ వాటా ఉంటుంది!”

గుమాస్తా లేచాడు. “సరే, వెతుకుతాను. ఈలోగా మీ టీకాల కాగితాల మీద సంతకాలు పెట్టేయండి. ఖాళీలు ఎప్పటిలాగే నేను తర్వాత నింపుకుంటాను.” ఒక కట్ట ఆమె ముందుకు తోసి బీరువాల వెనక్కి వెళ్ళాడు.

“పెడతాను గానీ, ముందు నువ్వు కానివ్వు!” నర్సమ్మ చకచకా పేజీలు తిప్పుతూ సంతకాలు గీకుతోంది. కళ్ళు మాత్రం పిట్ట మీదే ఉన్నాయి. “భయపడకే. ఈ పని చేసినవాణ్ణి నడిబజార్లో నిలబెట్టకపోతే నన్నడుగు.”

“నువ్వున్నావుగా అక్కా. నాకేం భయం?”

గుమాస్తా దుమ్ము దులుపుకుంటూ ఫైలు తెచ్చాడు. నర్సమ్మ లాక్కుని చదివింది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

“ఏముందక్కా? క్లిప్పులేనా?”

“కోసి తీసేశారే తల్లీ.”

పిట్ట ఏడవలేదు. గోడ వదిలి బల్ల దగ్గరకు వచ్చింది. “నేను ఒప్పుకున్నట్టు ఉందా అందులో?”

“నీ వేలిముద్ర ఉంది.”

“ఒంటి మీద తెలివే లేదక్కా నాకు! ఎప్పుడు వేయించారు?”

“ఉత్త వేలిముద్ర చెల్లదమ్మా,” అన్నాడు గుమాస్తా నెమ్మదిగా. “ఫారం చదివి వినిపించామని, మనిషి ఒప్పుకుందని, సాక్షి సంతకం ఉండాలి. అది లేకపోతే డాక్టరు కత్తి ముట్టుకోడు.”

నర్సమ్మ బల్ల మీద ధన్‌మని చరిచింది. “చదివి వినిపించారట! ఎవడా దొంగసాక్షి? వాడి చెయ్యి పడిపోను! వాడు కాదనుంటే దీనికీపాటికి ఇద్దరు పిల్లలు!”

“పేరు చదువక్కా,” అంది పిట్ట. “డాక్టర్లు వస్తుంటారు, పోతుంటారు. నాకా సాక్షి కావాలి. వెళ్ళి వాడి గడపలో కూర్చుంటా. నేనెప్పుడు ఒప్పుకున్నానో చెప్పమంటా. చెప్పేదాకా కదలను.”

నర్సమ్మ విసురుగా పేజీ తిప్పింది. అడుగున ఉన్న గీత మీద వేలు పెట్టింది. వేలు అక్కడే ఉండిపోయింది.

“చదువక్కా. ఎవరు?”

ఆ సంతకం నర్సమ్మదే.