సాకు లేదు సార్జెంట్

"అరపేజీ ఖాళీ ఇస్తే నువ్వు రాసింది ఇదా?" అంటూ మాజీ సైనికుల కేసులు చూసే లోర్నా దరఖాస్తును వెండెల్ ముందుకు తోసింది. గంజాయి తాగాడని సైన్యం అతన్ని గెంటేసింది. గెంటేసినట్టు ఇచ్చిన కాగితాన్ని గౌరవంగా పంపినట్టు మార్చమని సైన్యం బోర్డును అడిగే దరఖాస్తు అది. ఎందుకు తాగావన్న చోట "సాకు లేదు" అని రాసి ఊరుకున్నాడు.

"పోయినసారీ ఇదే రాస్తే తిప్పి పంపారు. ఆ కాగితం మారందే మాజీ సైనికుల ఆసుపత్రి నిన్ను గడప తొక్కనివ్వదు. ఆ దెబ్బతిన్న నడుముతో ఎన్నాళ్లు ఈడుస్తావయ్యా?"

"మాకు నేర్పింది అదే మేడమ్. తప్పెందుకు చేశావంటే 'సాకు లేదు సార్జెంట్' అనాలి. ఇంకో మాట అంటే వంద దండీలు."

సాక్ష్యం రాసివ్వడానికొచ్చిన ముసలి సార్జెంట్ పర్విస్ కాఫీ కప్పు కింద పెట్టాడు. ఒకప్పుడు ఆయన కేకేస్తే ఎడారిలో ఒంటెలు కూడా వరసలో నిలబడేవట. ఇప్పుడా గొంతు పక్క కుర్చీదాకా వస్తే గొప్ప.

"నేర్పింది నేనేరా. నిన్ను మూత్రపరీక్షకు పంపిందీ నేనే. బాంబుకు మన లారీ పేలాక నలభై రోజులు నీకు నిద్ర లేదని తెలుసు. డాక్టరు దగ్గరికి పంపాల్సింది."

వెండెల్‌కు కోపమూ రాలేదు, ఏడుపూ రాలేదు. పదకొండేళ్లుగా ఏదీ రావడం లేదు.

"బోర్డువాళ్లు నిన్ను తిట్టడానికి అడగలేదురా," అన్నాడు పర్విస్. " ఏం జరిగిందో తెలీక అడిగారు."

వెండెల్ రాసిన రెండు మాటలూ కొట్టేశాడు. ఆ రోజు లారీ ముందు సీట్లో ఎవరు కూర్చున్నారో రాయడం మొదలుపెట్టాడు. అరపేజీ నిండిపోయింది.

"మేడమ్, ఇంకో కాగితం ఉందా?" అన్నాడు తలెత్తకుండా.