అమ్మకపు గీత

మనుషుల మీద కూడా షేర్లు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఆ బజారులో గవర్రాజు మూడుసార్లు లేచాడు, మూడుసార్లు చితికిపోయాడు. పడుతున్నదాన్ని పట్టుకుని వేలాడబట్టే మునిగానని గ్రహించి, చివరికి తన దగ్గరున్న ప్రతి షేరుకూ ఒక గీత గీసిపెట్టాడు. ధర ఆ గీతకు దిగిందా, యంత్రమే అమ్మేస్తుంది.

ఆ ఉదయం భార్య సుభాషిణిని గుండె ఆపరేషనుకు తీసుకెళ్తుండగా ఆమె ధర కుప్పకూలింది. అతని జేబులో ఫోను పలికింది: "సుభాషిణి షేర్లన్నీ అమ్మేశాం. మీకు నష్టం తప్పింది."

స్ట్రెచరు మీద ఆమె కళ్లు తెరిచింది.

"నీ షేరుకు గీత తీసెయ్యడం మర్చిపోయానే," అన్నాడు గవర్రాజు.

ఆమె అతని చెయ్యి నిమిరింది. "పోన్లెండి. మీరు చితికిన మూడుసార్లూ మీ షేరు పైసాకి కొరగాలేదు. నా దగ్గరున్నవాటిలో ఒక్కటీ అమ్మలేదు నేను. నాకా గీత గియ్యడం రాదు కదండీ."