పక్క మంచం దగ్గు

మేస్త్రీ చెంచా నోట్లో పెట్టుకున్నాడు. పక్క మంచం మనిషి ఖంగుమని దగ్గాడు.

సరిగ్గా అప్పుడే. రోజూ ఇదే వరస.

మేస్త్రీ గొంతులో కేన్సర్‌ని కోసేసి, ఆ ఖాళీలో ముంజేతి చర్మం అతికించారు. ఇన్నేళ్లూ గోడలకి తను వేసిన అతుకులు చివరికి తనకే వేశారని బొంగురు గొంతుతో నవ్వాడు. ఇప్పుడు తిండి ముక్కు గొట్టంలోంచి. రెండు వారాలకి ఎక్స్‌రే పరీక్ష. నెగ్గితే గొట్టం తీసేస్తారు. తప్పితే పొట్టకి రంధ్రం పెట్టి ఇంకో గొట్టం వేస్తారు. అది బతికున్నన్నాళ్లూ ఉండేది.

మింగడం నేర్పే అమ్మాయి పొడి వేసి చిక్కగా కలిపిన నీళ్లు, చెంచా చేతికిచ్చి, రోజూ ఎలా మింగాలో వివరంగా చెప్పింది. ఊపిరి బిగబట్టాలి, మింగాలి, వెంటనే దగ్గాలి, మళ్లీ మింగాలి. అతికించిన చర్మానికి స్పర్శ ఉండదు, చుక్క ఊపిరితిత్తుల్లోకి జారినా తెలియదు.

మేస్త్రీకి మొదటి రెండే గుర్తున్నాయి.

పక్కవాడికి మాట లేదు, మెడలో గొట్టం. ఆ గొట్టంలోంచే దగ్గు. మేస్త్రీకి ఒళ్లు మండేది. వెక్కిరింపుగా తనూ దగ్గి, మొహం తిప్పుకుని ఇంకో గుటక వేసేవాడు.

పదో రోజున భార్య చేత నర్సుకి చెప్పించాడు.

"ఈయన చెంచా ఎత్తితే చాలు, పక్కతను దగ్గు మొదలెడతాడు సిస్టర్. మింగుతుంటే చూసి ఓర్వలేకేమో."

అతన్ని వార్డు చివరికి మార్చారు. వెళ్తూ తన మెడ, మేస్త్రీ మెడ చూపించి ఏదో సైగ చేశాడు.

"బెదిరిస్తున్నాడు చూడు," అన్నాడు మేస్త్రీ.

నాలుగు రోజులు హాయిగా తాగాడు. దగ్గూ లేదు, గొడవా లేదు.

పరీక్ష రోజున తెర మీద తెల్లటి మందు సగం ఊపిరితిత్తుల వైపు జారింది. మేస్త్రీకి చీమ కుట్టినట్టయినా లేదు. నాలుగు రోజులుగా లోపల నిమ్ము చేరుతోందనీ, ఇక పొట్ట గొట్టమేననీ డాక్టరు చెప్పి వెళ్లిపోయాడు.

"మొన్నటిదాకా చక్కగా దగ్గేవారు. ఎందుకు మానేశారు?" అడిగింది అమ్మాయి.

"నేనెక్కడ దగ్గాను? వాణ్ణి వెక్కిరించడానికి..."

మేస్త్రీ చెయ్యి తన మెడ మీదికి వెళ్లింది.

భార్య లేచి నిలబడింది. "ఆయన్ని మళ్లీ ఇటు తీసుకురండమ్మా. కాళ్లు పట్టుకుంటాను."

"నిన్న పొద్దున పోయారమ్మా. మొదట్లో మంచం మార్చమని ఆయన రాసిచ్చిన కాగితం నేనూ ఇవాళే చూశాను," అంది అమ్మాయి. "ఇదే పరీక్ష తప్పి, ఆరేళ్లుగా చుక్క నీళ్లు మింగని మనిషి, మీవారు దగ్గడం మరిచిపోతున్నారని, కిటికీ పక్క మంచం వదులుకుని మరీ మీ పక్కన వేయించుకున్నారు."