తలుపుగది ఒత్తిడి

భీమిలి దగ్గర సముద్రం అడుగున కట్టిన ఇళ్ళలో, చుట్టం వస్తే కాళ్ళకు నీళ్ళివ్వడం పోయి, తలుపుగదిలో గాలి ఒత్తిడి సరిపెట్టడం మర్యాద అయింది. అది ఇంటి పెద్ద చేత్తోనే జరగాలి.

ఇంకా లోతున ఉండే వరహాలు, అప్ప సౌభాగ్యమ్మ ఇంటికి చాన్నాళ్ళకు వచ్చింది. ఆమెను తెచ్చిన నీటి అడుగు పడవ కాసేపే ఆగుతుంది. తలుపుగదిలోనూ పడవలోనూ ఒత్తిడి ఒకటైతేనే తలుపు తెరుచుకుంటుంది.

“మా పడవలో ఒత్తిడి మూడు బార్లప్పా!” అంది వరహాలు తలుపు అద్దం అవతలి నుంచి.

సౌభాగ్యమ్మ ఇంటి మీట మీద ఉన్న కొలతలు బార్లు కావు, కిలోపాస్కల్స్. ముప్పై పెట్టింది. ఎర్రదీపం వెలిగింది.

“నన్ను బుడగలా పేల్చేస్తావేటి?” వరహాలు నవ్వింది.

“నాను పెట్టనా అత్తా?” అంది కోడలు గిరిజ.

“నాకు తెల్దేటి? నువ్వూరుకో.”

మూడు వేలు పెట్టింది. మళ్ళీ ఎరుపే. బడికెళ్ళకుండానే అన్ని పుస్తకాలు చదివిన మనిషి, ఒక్క మాట అడగలేక మీట తిప్పుతూనే ఉంది.

పడవ గంట మోగింది.

“బారుకి వంద కదత్తా,” అని గిరిజ మెల్లగా మూడు వందలు పెట్టింది. పచ్చదీపం వెలిగేసరికి పడవ కదులుతోంది.

వరహాలు అద్దానికి అరచెయ్యి ఆనించి, “మళ్ళీ వస్తాన్లే అప్పా,” అంది.

ఆ చేతికి ఎదురుగా చెయ్యి పెట్టాల్సిన సౌభాగ్యమ్మ, అంకెలు చూస్తున్నట్టు తల వంచుకునే నిలబడింది.