వీపుకు తగిలే మాట

ఒక్క మాట అంటే అయిపోతుంది కదా, ఆ మాట డ్రైవర్ ఉబేద్ ఎందుకు అనడు? అననందుకు రేఖకు ఆశ్చర్యం. అనకపోతేనే బాగుండునని లోపలెక్కడో ఉంది, అందుకు సిగ్గు కూడా. సంగారెడ్డిలో బస్సు కదిలినప్పటినుంచీ అతడు తిట్లు తింటూనే ఉన్నాడు. కండక్టరుగా ఆమె వింటూనే ఉంది.

తిడుతున్నది రాంచందర్. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. రోజూ డ్రైవర్ వెనక సీటే అతనిది.

“మీ ఆర్టీసోళ్లు యూనియన్ కట్టి కొట్లాడిండ్రు, జీతాలు పెంచుకున్నరు. టికెట్ రేటు పెంచి మా నెత్తిన పెట్టిండ్రు. మా కంపెనీల యూనియన్ అన్నోడు తెల్లారి గేటు బయటుంటడు.”

“గా కోపం మీ మేనేజరు మీద తియ్యరాదు?” అంది పక్క సీటు రాధమ్మ, ఒళ్లో పాల క్యాన్ సర్దుకుంటూ. “నడుమ ఈయనేం జేసిండు?”

“నీకేందవ్వా, ఆడోళ్లకు ఫ్రీ, నీది జీరో టికెట్. యూనియన్ అంటే ఆకాశంలకెల్లి ఊడిపడ్డదా? గిసొంటోళ్లే గదా. ఏం భాయ్, పెరిగిన జీతం అరుగుతున్నదా?”

కొందరు నవ్వారు. ఉబేద్ కూడా నవ్వాడు.

నిన్న చాయ్ దగ్గర రేఖ అడిగింది, “ఎందుకు పడతవన్నా?” అని.

“నేను ముందుకు సూసుకుంట నడుపుత చెల్లె. నాకు మాట వీపుకే తగుల్తది. నువ్వు అందరి నడుమ నిలబడేదానివి. నీకు మొఖానికి తగుల్తది.”

కంది ఊరు దాటాక ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగిపోయింది. బస్సూ ఆగింది. క్యాన్‌లో పాలు తొణకలేదు. స్టీరింగ్ మీద అతని వేళ్లు వదులుగానే ఉన్నాయి. ఇంత మోస్తూ మనిషి ఇంత తేలిగ్గా ఎలా ఉంటాడు? నిండిన సింగూరు డ్యామును మొదటిసారి చూసినప్పటిలా ఆమె అలా చూస్తుండిపోయింది.

రాంచందర్ ఫోన్ తీసి ముందుకు వంగాడు. “ఇటు సూడు భాయ్. నీ మొఖం గ్రూపుల పెడత. మా పైసలు తినెటోడెట్లుంటడో అందరు సూడాలె.”

“వద్దన్నా,” అన్నాడు ఉబేద్ గొంతు తగ్గించి. “లొల్లయితే నా పని పోతది.”

“మీ పనెట్ల పోతది? యూనియన్ ఉన్నది గదా.”



రేఖ జనాన్ని తోసుకుంటూ వెళ్లి అతనికీ ఫోనుకూ మధ్య నిలబడింది.

“నా మొఖం తీయన్నా, ఆర్టీసీ జీతం పెరిగింది నాకే, ఆయన ఈ అద్దె బస్సు సేటు కింద డ్రైవరు.”