ఒక్కడి కోసం

సుక్మా దాటాక జగదల్‌పూర్ బస్సు రెండోసారి ఆగింది.

"మళ్ళా ఆయనేనా?" రాంబాబు ముందు సీట్లోంచి విసుక్కున్నాడు.

వెనక నుంచి ఒక నడివయసు మనిషి పొట్ట పట్టుకుని గబగబా వచ్చాడు. దిగబోతూ చేతిలోని గుడ్డసంచిని రాంబాబు కూతురు ఉదయశ్రీకి అందించాడు.

"జర చూస్తుండు బిడ్డా."

తిరిగొచ్చాక ఆమె సంచి ఇవ్వబోయింది.

"నీ కాడనే ఉండనియ్యి. మళ్ళా దిగాల్నేమో!" అని నవ్వి వెనక్కి వెళ్ళిపోయాడు.

రాంబాబుది ఎర్రబోరులో చింతపండు వ్యాపారం. బస్తాలోంచి గుప్పెడు తీసి చూస్తే చాలు, సరుకంతా ఎలాంటిదో చెప్పేస్తాడు. మనుషుల్నీ అలాగే చూస్తాడు.

"పొద్దున్నే ఇప్పసారా ఎక్కించిండు. ఆ ఉబ్బిన మొహం చూడు."

"నా మొహం గూడ ఉబ్బే ఉంది నాయినా."

"నీది రోగం తల్లీ."

ఉదయశ్రీకి చిన్నప్పటి నుంచీ పేగుల్లో పుండ్లు. నిరుడు కిడ్నీలకూ జబ్బు వచ్చింది. రక్తంలో కాంప్లిమెంట్ అని ఒక రక్షణ ఉంటుందట. అది దారి తప్పి, కాపలావాడే ఇంటిమీద పడ్డట్టు, కిడ్నీలను పాడుచేస్తోందని డాక్టరమ్మ చెప్పింది. ఈ రెండు జబ్బులూ ఒకే మనిషిలో కలవడం చాలా అరుదట.

మందు ఉంది. వెంటనే మొదలుపెట్టాలి. ఉదయశ్రీయే ఒప్పుకోవడం లేదు.

డాక్టరమ్మ జగదల్‌పూర్‌కి నెలకొకసారి వస్తుంది. మధ్యాహ్నానికల్లా వెళ్ళిపోతుంది.

"ఈసారన్నా ఒప్పుకో తల్లీ. ఆలస్యమైతే కిడ్నీలు దక్కవంటున్నరు."

"ఇన్నేండ్లు మందులు మింగి ఏం బాగుపడ్డ? ఈ రెండు రోగాలుండి బతికినోళ్ళను ఒక్కళ్ళను చూపియ్యి. అప్పుడు వేయించుకుంట."

రాంబాబు దగ్గర ఆ సరుకు లేదు.

తోంగ్‌పాల్ దాటి బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా వెనక నుంచి మళ్ళీ అదే గొంతు.

"భయ్యా, ఒక్క నిమిషం!"

బస్సు ఆగింది. ఆయన చెట్ల చాటుకు పరుగెత్తాడు.

ఎండ నడినెత్తికి వస్తోంది. రాంబాబు కండక్టర్ వైపు తిరిగాడు.

"నందా, పోనియ్యి."

"అడివి కదా సేట్‌జీ!"

"ఎనక బస్సొస్తది. ఒక్కడి కోసం బస్సంతా కూసోవాల్నా? ఏం లెక్కయ్యా ఇది?"

టాపు మీద బస్తాలన్నీ రాంబాబువే. నంద విజిల్ వేశాడు.

ఉదయశ్రీ కిటికీలోంచి తల బయట పెట్టింది. ఆయన చెయ్యెత్తి రోడ్డు మీదికి ఉరికొస్తున్నాడు. మలుపు తిరగ్గానే కనబడలేదు.

"ఆపించు నాయినా! ఆయన సంచి నా కాడనే ఉన్నది."

"స్టాండుల నందకిద్దాం. నీ డాక్టరమ్మ పోతే మళ్ళా నెలదాకా ఆగాలె."

"రేపు నేను దిగినా ఇట్లనే పోనిస్తరా?"

"నువ్వు వేరు."

"ఎట్ల వేరు?"

బస్సులో ఇలాంటి అవసరం రాకూడదనే ఆమె నిన్న సాయంత్రం నుంచి ఏమీ తినలేదని రాంబాబుకు తెలుసు.

జగదల్‌పూర్ స్టాండులో సంచి కోసం నంద చెయ్యి చాచాడు. ఉదయశ్రీ ఇవ్వలేదు.

"ఆయన చేతికే ఇస్త."

డాక్టరమ్మ ఇంకా ఉంది. రాంబాబు ఊపిరి పీల్చుకున్నాడు. తన లెక్క తప్పలేదనుకున్నాడు.

"పోయినసారి నువ్వు అడిగింది నేను మరిచిపోలేదమ్మా," అంది డాక్టరమ్మ. "రెండు జబ్బులూ ఉండి బతికినవాళ్ళు కావాలన్నావుగా? ఉన్నాడు. ఈ చుట్టుపక్కల మీ ఇద్దరే."

ఉదయశ్రీ తలెత్తింది.

"నిజంగనా? ఎట్ల ఉన్నడు?"

"నీకంటే అధ్వానంగా వచ్చాడు. ఈ మందుతోనే నిలబడ్డాడు. ఇప్పుడు తన పొలం తనే దున్నుకుంటున్నాడు. కొంట దగ్గర రైతు, పేరు సన్న."

"నాకు చూపిస్తరా?"

"అందుకే ఆయన్ని ఇవాళ రమ్మన్నాను. పేగుల బాధ పూర్తిగా పోలేదు, ఆయనకు బస్సు ప్రయాణమంటే నరకం. ఒక ఆడపిల్ల మందు వద్దంటోందని చెప్పాను. అంతే, పొద్దున్నే బయల్దేరాడు."

రాంబాబు కూతురి వైపు చూశాడు. ఎన్నాళ్ళకో ఆ మొహంలో వెలుగు.

"ఎంతదాకా వచ్చాడో కనుక్కుందాం ఉండండి," అంటూ డాక్టరమ్మ ఫోన్ తీసి నంబర్ నొక్కింది.

ఉదయశ్రీ ఒళ్ళోని గుడ్డసంచి మోగింది.