దూరం నుంచి స్టార్టు

"తాళం ఇట్లియ్యప్పా," అన్నాడు తిప్పేష్.

డ్రైవరు ఆదెన్న తాళం గుప్పిట్లోనే ఉంచుకున్నాడు.

"ఈ బండి నేను తప్ప ఇంకొకరు స్టార్టు చేయగూడదు. అయ్య ఆర్డరు."

కళ్యాణదుర్గంలో కాంట్రాక్టరు గంగాధరప్ప ఇంటి ముందు బండి నిలబడి ఉంది. తలుపులు తెరిచి మూసే రిమోట్ కంపెనీవాళ్లే ఇచ్చారు. అది చాలదని, ఇంట్లోనుంచే ఇంజిను కూడా స్టార్టు కావాలని పట్టుబట్టి ఆయన అనంతపురంలోని కార్ల సామాన్ల అంగడి నుంచి మెకానిక్ తిప్పేష్‌ను పిలిపించాడు.

తిప్పేష్ స్టీరింగు కింద మూత విప్పుతూ అడిగాడు.

"పొద్దున్నే నువ్వు స్టార్టు చేసేటప్పుడు మీ అయ్య యాడుంటాడు?"

"లోపల."

"అమ్మ, పిల్లోళ్లు?"

"వాళ్లూ లోపలే. నేను బండి గేటు దాకా తెచ్చినాకే బయటికొస్తారు. డీజిలు బండి గదా, ఇంజిను వేడెక్కల్ల."

తిప్పేష్ చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది.

"అట్లని ఎవరు చెప్పినారు?"

"అయ్యే చెప్పినాడు."

తిప్పేష్ లేచాడు. నేరుగా పోయి వరండాలో పేపరు చదువుతున్న గంగాధరప్ప ముందు నిలబడ్డాడు.

"సార్, ఈ రిమోట్ మీకెందుకు?"

"ఎందుకేందప్పా? కాంట్రాక్టు దక్కనోళ్లు నా మీద పగబట్టి ఉండారు. బండి కింద బాంబు పెడితే? పేలేదేదో దూరంగా పేలనీ."

"మరి ఇన్నాళ్లూ?"

గంగాధరప్ప పేపరు దించలేదు.

"వైర్లు కలపను వచ్చినావు. వైర్లు కలుపు."

బండి దగ్గరున్న ఆదెన్నకు మాటలు తెలియలేదు, పెరిగిన గొంతే వినిపించింది. గబగబా వచ్చాడు. "ఏందప్పా, అయ్యతో ఆ మాటలు?"

తిప్పేష్ ముఖం కందగడ్డయింది.

"రిమోట్ ఈ పొద్దు కొత్తగా వచ్చిందనుకుంటాండావా? ఇన్నాళ్లూ ఈయప్పకు రిమోట్ నువ్వేరా పిచ్చోడా."

ఆదెన్న చెయ్యి లేచింది. చెంప ఛెళ్లుమంది.

"నా పెండ్లానికి కాన్పు కష్టమైతే ఇదే బండిచ్చి ఆస్పత్రికి పంపినాడు ఆ అయ్య. యాడోడివో వచ్చి ఆయప్పను అంటావా?"

తిప్పేష్ పెదవి మీది నెత్తురు చొక్కా అంచుకు తుడుచుకున్నాడు. తిరిగి కొట్టలేదు. పోయి మళ్లీ స్టీరింగు కింద దూరాడు.

ఎండ నడినెత్తికొచ్చింది. ఈశ్వరమ్మ, గంగాధరప్ప భార్య, అన్నం తినమంది. వద్దన్నాడు. నీళ్లిస్తే ముట్టలేదు. ఒక్కొక్క వైరూ లాగి చూశాడు, చుట్టిన టేపు విప్పి మళ్లీ చుట్టాడు.

పని అయ్యాక తిప్పేష్, ఆదెన్నను రెక్క పట్టుకుని గోడ వెనక్కి లాక్కుపోయాడు.

"ఈడ నిలబడు."

మీట నొక్కాడు. ఎవరూ లేని బండి గుర్రుమంది.

"బండి నిలిపితే న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగు. గేర్లో ఉంటే ముందుకు దూకుతాది. ఇంక చేత్తో స్టార్టు చేయొద్దు. ఎవరు చెప్పినా చేయొద్దు."

రిమోట్ ఆదెన్న చేతిలో పెట్టాడు.

"ఇట్ల తే," అన్నాడు గంగాధరప్ప.

ఆదెన్న తీసుకుపోయి ఇచ్చాడు. తిప్పేష్ సంచి భుజాన వేసుకుని బస్టాండు వైపు నడిచాడు. వెనక్కి చూడలేదు.

మరుసటి పొద్దున ఆదెన్న వచ్చేసరికి గంగాధరప్ప గోడ చాటున ఉన్నాడు. ఒక చేత్తో మనవరాలి తలను తన కడుపుకు అదుముకుని, రెండో చేత్తో మీట నొక్కాడు. ఈశ్వరమ్మ చెవులు మూసుకుంది.

బండి స్టార్టయింది. ఏమీ కాలేదు.

గంగాధరప్ప ఊపిరి వదిలి నవ్వాడు.

"చూస్తివా ఆదెన్నా? ఇంక నీక్కూడా భయం లేదు."

ఆదెన్న బండి వైపు చూశాడు, మళ్లీ గోడ వైపు చూశాడు.

"నాకేం భయముండె అయ్యా?"

గంగాధరప్ప నవ్వు ఆగిపోయింది.

"నాకు తెలీని భయం, నీకు తెలిసుండె."

"అదిగాదురా..."

"నా బిడ్డ ఇంకా పాలు తాగుతాండాది. నువ్వు నీ మనవరాలిని గోడ చాటున పెట్టుకుని, నన్ను పొద్దున్నే బండిలోకి పంపుతాంటివి. ఇంజిను వేడెక్కల్లని చెప్పి."

ఆదెన్న తాళం తీసి ఆయన కాళ్ల ముందు విసిరికొట్టాడు. వెనకనుంచి పిలుస్తున్నా వినకుండా గేటు దాటాడు.

దొరికిన బస్సెక్కి అనంతపురంలో దిగాడు. వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ పోయి, కార్ల సామాన్లమ్మే ఆ అంగడి పట్టుకున్నాడు.

"తిప్పేష్ యాడన్నా?"

అంగడాయన జయరాముడు తల అడ్డంగా ఊపాడు.

"పొద్దున బస్సుకే బళ్లారికి పాయె. ఈడ పని చాలించుకున్నాడు. అడ్రసు గూడా చెప్పలేదు."

"ఒక మాట చెప్పల్లన్నా. నిన్న చెయ్యి చేసుకున్నా ఆయప్ప మీద."

జయరాముడు ఆదెన్నను పైనుంచి కిందికి చూశాడు.

"డ్రైవరువా?"

"ఊ."

"కార్లో పాటల డబ్బా బిగించమంటే విసుక్కుంటాడు వాడు. ఈ రిమోట్ స్టార్టు అంటే మాత్రం ఏ ఊరికైనా పోతాడు."

"ఎందుకట్ల?"

జయరాముడు చేతిలోని వైరు చుట్ట కింద పెట్టాడు.

"వాళ్ల నాయన గూడా డ్రైవరేనప్పా. ఒక పొద్దున పని ఇచ్చిన ఓనరు ఇంట్లో ఉండంగా, ఆయప్ప ఒక్కడే పోయి జీపు స్టార్టు చేసినాడు."